విజయనగరంలో కొత్తిల్లు, సోమవారం ఫాల్స్ సీలింగ్ మొదలు: అట్మాస్ స్పీకర్లు ఎక్కడ పెట్టించాలి?

కంటోన్మెంట్_కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఇల్లు కట్టుకుంటున్నాం, మేడ మీద హాలుని సినిమాలకీ పాటలకీ అనీసి ఉంచాం, పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ అట్మాస్ పెట్టించాలని ఆశ, అమ్మా నాన్నా మేమూ పిల్లలూ అందరం కూర్చునేది అక్కడే. సోమవారం పొద్దున్న ఫాల్స్ సీలింగ్ వాళ్లు దిగిపోతున్నారు. ఇవాళ సాయంత్రం వాళ్ల మేస్త్రి వొచ్చి సుద్దముక్కతో గోడ మీద గీసి చూపించాడు, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, గోడకి రెండేసి అడుగుల దూరంలో, మధ్యలో ఫ్యాను, చుట్టూ అంచుల్లో దాచిపెట్టే కోవ్ లైటు. చూడ్డానికి బాగుంటాది సార్, అందరికీ ఇలాగే వేసాం అన్నాడు. నాకెందుకో మనసొప్పలేదు, ఒకసారి బోర్డు కోసీసాక మళ్లీ మార్చలేం కదా.

హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. స్లాబు 10 అడుగుల ఎత్తు, సీలింగ్ అరడుగు దించితే 9.5 మిగుల్తుంది. టీవీ 12 అడుగుల గోడకి, సోఫా ఎదురు గోడకి ఆనించి వేద్దామని. కింద పెట్టే 5.1 స్పీకర్లు, అంటే చుట్టూ ఐదు, బేస్‌కి ఒక సబ్‌వూఫరు, పాతింట్లో వాడుతున్నవే, బాగున్నాయి. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవరు 9 ఛానెళ్లది తీసుకున్నాను, కింద ఐదుకీ పైన నాలుగుకీ. సీలింగ్ స్పీకర్లు 6.5 అంగుళాలవి నాలుగు, ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఎక్కడ కొయ్యమనాలి, వైరు ఏది లాగాలి, ఫ్యాను అడ్డమవుద్దా, ఈ మూడూ చెప్పండి చాలు. రేపు ఎల్లుండి మాత్రమే టైము ఉంది.

వంశధార_వైరింగ్ | శుక్రవారం రాత్రి 9:47

తమ్ముడూ, ముందు ఆ సుద్దగీతలు చెరిపీ. మేస్త్రి మీద కోపంతో అనట్లేదు, ఆయన లైట్ల లెక్కలో చూసాడు, లైటుకి నాలుగు మూలలూ సమానంగా ఉంటే అందం. స్పీకరు లెక్క గోడ దగ్గర మొదలవదు, నువ్వు కూర్చున్నప్పుడు నీ చెవి ఎక్కడుందో అక్కడ మొదలవుద్ది. పన్నెండేళ్లుగా శ్రీకాకుళంలో ఇదే పని చేస్తున్నాను, ఇళ్లకెళ్తే పది హాళ్లలో ఏడెనిమిది ఇలాగే మూలల్లో కోసీసి ఉంటాయి, పాపం వాళ్లు డబ్బులు పోసి పెట్టుకున్నారు, పై సౌండ్ వస్తోందా అంటే ఏమో అంటారు.

నీ లెక్కే చూడు. సోఫా గోడకి ఆనిస్తే నీ చెవి టీవీ గోడ నుంచి 16.5 అడుగుల్లో ఉంటది. ముందు మూలల్లో స్పీకరు 2 అడుగుల్లో ఉంటే నీకు 14.5 అడుగులు ముందర. ఎత్తు తేడా 6 అడుగులే. అంటే అది నీ నెత్తి మీద స్పీకరు కాదు, టీవీ పక్కన కొంచెం ఎత్తులో పెట్టిన స్పీకరు, కోణం 22 డిగ్రీలు. వెనక మూలల్లోవేమో సరిగ్గా నీ చెవులకి పైన పక్కల్లో పడతాయి, వెనకనుంచి రావు. హెలికాప్టరు ముందునుంచి వెనక్కి వెళ్లే సీన్లో మధ్యలో పెద్ద గొయ్యి ఉన్నట్టు ఉంటది.

డాల్బీ వాళ్లు ఇచ్చిన కొలతలు ఇవి: పైన రెండు జతలు పెడితే ముందు జత 30 నుంచి 55 డిగ్రీల మధ్య, వెనక జత 125 నుంచి 150 మధ్య. ఒక్క జతే పెడితే 65 నుంచి 100 మధ్య. చెవి ఎత్తులో తిన్నగా ముందుకి 0, నెత్తి మీద నిటారుగా 90 అనుకో. ఎడమకీ కుడికీ మధ్య దూరం నీ ముందు స్పీకర్ల మధ్య ఎంత ఉందో ఇంచుమించు అంతే.

టెక్కలి_మాష్టారు | శుక్రవారం రాత్రి 10:20

బాబూ, డిగ్రీలు చూసి కంగారు పడకు, పదో తరగతి త్రికోణమితే ఇది. 45 డిగ్రీలకి టాంజెంటు 1 కదా, అంటే చెవి నుంచి సీలింగుకి ఎంత ఎత్తు ఉందో అంత ముందుకి, అంతే వెనక్కి. సోఫాలో కూర్చుంటే చెవి 3.5 అడుగుల్లో ఉంటుంది, 9.5 లోంచి తీస్తే 6. కాబట్టి చెవికి 6 అడుగులు ముందర ఒక జత, 6 అడుగులు వెనక ఒక జత, అది నడిమధ్య కొలత. అటూ ఇటూ ఎంత జరపొచ్చు అంటే 55 డిగ్రీలకి 4 అడుగుల 2 అంగుళాలు, 30 డిగ్రీలకి 10 అడుగుల 5 అంగుళాలు. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు, చాలా వెసులుబాటు ఉంది.

అయితే నీ చిక్కు వెనక జతతో. గోడకి ఆనించిన సోఫాలో నీ వెనక ఒకటిన్నర అడుగే ఉంది, కనీసం 4 అడుగుల 2 అంగుళాలు కావాలి. సోఫా కదలకపోతే వెనక జతకి చోటు లేదు. కొలతలు టేపుతో మళ్లీ ఒకసారి తియ్యి, ప్లాస్టరు అయ్యాక పొడవు ఒక అంగుళం అటూ ఇటూ వస్తుంది. చెవి ఎత్తు కూడా ఊహించకు, మీ ఇంట్లో కుర్చీ మీద కూర్చుని కొలిపించుకో.

నాగావళి_బాస్ | శుక్రవారం రాత్రి 10:58

నా మాట వేరు. ఎందుకన్నా సోఫా జరపడం, మన ఇళ్లలో హాలు మధ్యలో సోఫా వేస్తే నడవడానికి ఇబ్బంది, వచ్చిన చుట్టాలకి ఎబ్బెట్టుగా ఉంటది. ఒక్క జత పెట్టు, 5.1.2, అంటే కింద 5.1, పైన 2. చెవికి ఒక అడుగు ముందర పెడితే 80 డిగ్రీలు, వర్షం పడ్డా విమానం వెళ్లినా పైనుంచే వస్తది, మా ఇంట్లో అదే. మిగిలిన జత వాపసు ఇచ్చీసి ఆ డబ్బు సబ్‌వూఫరు మీద పెట్టు. బేస్ సరిగ్గా లేకపోతే పైన ఎన్ని పెట్టినా పల్చగానే ఉంటది.

వంశధార_వైరింగ్ | శుక్రవారం రాత్రి 11:15

సబ్ విషయంలో నీతో ఒప్పుకుంటాను బాస్ అన్నా. కానీ సోఫా విషయంలో కాదు. గోడకి తల ఆనించి కూర్చుంటే బేస్ గోడ దగ్గర పోగుపడి గుమ్ గుమ్మని ఒకటే మోత, కొన్ని స్వరాలు ఉబ్బిపోయి కొన్ని అసలు వినపడవు, ఎంత మంచి సబ్ పెట్టినా అంతే. రెండు అడుగులు ముందుకి జరిపినా తేడా తెలుస్తది. చోటు లేని ఇంట్లో 5.1.2 పెట్టుకోమని నేనే చెప్తాను, కానీ 18 అడుగుల పొడవు హాలు మన వైపు అందరికీ దొరకదు కదా. ఇంట్లో వాళ్లని అడిగి చూడు తమ్ముడూ.

రాజాం_వీణ | శనివారం ఉదయం 6:35

నమస్తే. నేను సినిమాల మనిషిని కాదు, వీణ నేర్పుతాను, ఇక్కడ పాటల గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నాను. మా తమ్ముడు కొత్త ఫ్లాట్‌లో కింద ఒక్క స్పీకరు లేకుండా మొత్తం సీలింగులోనే పెట్టించాడు, నీటుగా ఉంటుందని. నేను వెళ్లి కూర్చుని ఒక వయొలిన్ కచేరీ పెట్టించుకున్నాను. తంబురా నెత్తి మీద, మృదంగం నెత్తి మీద, వయొలిన్ కూడా పైనే. పది నిమిషాలకి మెడ పైకి ఎత్తాలనిపించింది, కళ్లు మూసుకుంటే వేదిక ఎక్కడుందో తెలియలేదు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది, అక్కడ గురువుగారి ఎదుట నేల మీద కూర్చుని విన్న చెవులు ఇవి, వాద్యం ఎదురుగా ఛాతీ ఎత్తులో ఉండాలి. కాబట్టి ఆ అబ్బాయి పాత స్పీకర్లు తీసీయకూడదని నా కోరిక. మా హాలులో కూడా పెట్టించుకోవాలని ఉంది, అందుకే ఇదంతా జాగ్రత్తగా చదువుతున్నాను.

వంశధార_వైరింగ్ | శనివారం ఉదయం 7:10

అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. సీలింగ్ స్పీకరు పైనుంచి రావాల్సిన సౌండ్ కోసమే, మాటలూ పాటా ముందు స్పీకర్ల నుంచే రావాలి. టీవీలో మనిషి మాట్లాడుతుంటే మాట కప్పులోంచి వస్తే ఎవరికీ నప్పదు. పక్క స్పీకర్లు కూడా చెవి ఎత్తులోనో కొంచెం పైనో ఉండాలి, 5.1 అయితే తిన్నగా ముందు నుంచి పక్కకి తిప్పి కొలిస్తే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర. కింద వాటికీ పైన వాటికీ తేడా ఉంటేనే కదా పైన ఉన్నట్టు తెలిసేది. రెండు చానెళ్ల పాత పాటలు, కచేరీలు అయితే రిసీవర్లో స్టీరియో పెట్టుకుని వినండి, పై స్పీకర్లు ఊరుకుంటాయి.

పలాస_జీడితోట | శనివారం ఉదయం 8:02

అందరూ కోణాలు చెప్తున్నారు, నేను నీళ్ల గురించి చెప్తాను, ఎందుకంటే అనుభవించాను. మాది పలాస దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా నెత్తి మీదనుంచే వెళ్లింది. తోట పోయింది, ఆ సంగతి వేరే, ఇంట్లో జరిగింది ఇది. మేడ మీద నీళ్లు నిలిచిపోయి, ఫ్యాను హుక్కు పక్క పైపులోంచి దిగి ఫాల్స్ సీలింగ్ మీద చేరాయి. పైన ఎక్కడ చేరాయో కిందకి తెలీదు కదా. రెండో రోజుకి బోర్డు మీద టీ మరకలాగ గుండ్రంగా పడింది, మూడో రోజుకి ఉబ్బి కిందకి వేలాడింది, స్పీకరు పెట్టిన చోటే కన్నం కాబట్టి నీళ్లన్నీ అక్కడికే పారాయి. విప్పి చూస్తే కోను చుట్టూ ఉండే అంచు ఊడి వచ్చీసింది, లోపల అయస్కాంతం మీద తుప్పు.

అందుకని మొదట మేడ మీద నీళ్లు కట్టండి, చుట్టూ మట్టి కట్ట వేసి రెండు రోజులు నిలబెట్టండి, కింద స్లాబు చెమర్చిందేమో చూడండి. చెమరిస్తే సీలింగ్ ఆపండి, సోమవారం కాదు వచ్చే నెల అయినా సరే. బోర్డు కూడా తేమ తట్టుకునేది, ఆకుపచ్చ రంగులో ఉంటది, అదే అడగండి. మన తీరంలో గాలికే తడి ఉంటది.

కంటోన్మెంట్_కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 2:30

పలాస అన్నా, మీరు రాసింది చదివి మనసు కలుక్కుమంది. మేడ మీద నీళ్లు పోయిన నెల కట్టారు, వాటర్‌ప్రూఫ్ కూడా అయింది, అయినా ఇప్పుడు మళ్లీ కట్టించాను, రేపటికి తెలిసిపోద్ది.

సోఫా సంగతి ఇంట్లో అడిగాను. నేను అనుకున్నట్టు కాలేదు. అమ్మే ముందుకి జరపమంది. పూజగది తలుపు వెనక మూల ఉంది, సోఫా గోడకి ఉంటే అందరి కాళ్లూ తప్పించుకుని టీవీకి అడ్డంగా వెళ్లాలి, వెనకనుంచి దారి ఉంటే హాయిగా వెళ్లిపోవచ్చు అంది. కాబట్టి చెవి టీవీ గోడ నుంచి 12.5 అడుగుల దగ్గర పెట్టుకోవచ్చు. చెవి ఎత్తు కూడా కొలిచాం, 3 అడుగుల 6 అంగుళాలే వచ్చింది.

టెక్కలి_మాష్టారు | శనివారం మధ్యాహ్నం 3:05

అయితే కుదిరిపోయింది. వెనక జత చెవికి 4 అడుగుల 2 అంగుళాలు వెనక, అంటే టీవీ గోడ నుంచి 16 అడుగుల 8 అంగుళాలు, వెనక గోడకి ఇంకా 1 అడుగు 4 అంగుళాలు ఉంటుంది. ముందు జత 5 అడుగులు ముందర పెట్టు, 50 డిగ్రీలు, అంటే టీవీ గోడ నుంచి 7.5 అడుగులు. రెండూ చెవికి ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి, అది మంచిది. ముందు స్పీకర్ల మధ్య దూరం ఎంత?

కంటోన్మెంట్_కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 3:11

7 అడుగులు గురువుగారు. అంటే పైన కూడా మధ్య గీతకి అటు 3.5, ఇటు 3.5. మరి ఫ్యాను? అది గది మధ్యలో 9 అడుగుల దగ్గర వస్తోంది, ముందు జత 7.5 దగ్గర. ఏసీ ఉంది గానీ ఫ్యాను లేకపోతే నాన్న ఉండలేరు.

నాగావళి_బాస్ | శనివారం సాయంత్రం 4:40

ఇది మాత్రం చాలా మంచి ప్రశ్న. విదేశాల వాళ్ల బొమ్మల్లో ఫ్యానే ఉండదు, మన ఇళ్లలో ఫ్యాను లేని హాలు ఉండదు. స్పీకరు నుంచి చెవికి వచ్చే దారిలో రెక్కలు తిరిగితే సౌండ్ వణుకుతున్నట్టు ఉంటది, సన్న స్వరాల్లో బాగా తెలిసిపోద్ది. దారం పరీక్ష చెయ్. స్పీకరు వచ్చే చోట దారం అంటించి, సోఫాలో ప్రతి మనిషి చెవి దగ్గరికీ లాగు. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను అంటే 4 అడుగుల వ్యాసం, రెక్క రెండు అడుగులు బయటికి వస్తది. దారం రెక్కకి తగలకూడదు. చివరి కుర్చీలో కూర్చున్న వాళ్లకి అవతలి వైపు స్పీకరు నుంచి లాగి చూడు, తగిలితే అక్కడే తగుల్తాది.

కంటోన్మెంట్_కుర్రాడు | ఆదివారం ఉదయం 11:20

చేసాం అన్నా. స్టూలెక్కి స్లాబు మీద నాలుగు చోట్లా గుర్తు పెట్టి దారాలు అంటించాను. కింద మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెవి దగ్గర దారం పట్టుకుంది, తర్వాత కుర్చీ ఎడమ చివరికి, తర్వాత కుడి చివరికి. ఫ్యాను ఇంకా బిగించలేదు కాబట్టి 4 అడుగుల కర్ర మధ్యలో పట్టుకుని హుక్కు కింద, రెక్కలు వచ్చే ఎత్తులో, మా తమ్ముడు గుండ్రంగా తిప్పాడు. మధ్య కుర్చీకి బోలెడంత ఖాళీ. చివరి కుర్చీకి అవతలి స్పీకరు దారం కర్ర చివరికి జానెడు లోపు దూరంలో వెళ్లింది, తగల్లేదు. అమ్మ వచ్చి చూసి ఈ దారాలేట్రా పందిరిలాగ అంది.

మేడ మీద నీళ్లు కూడా నిన్నటికీ ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి, కింద స్లాబు పొడిగా ఉంది.

వైరు సంగతి చెప్పండి. రిసీవరు నుంచి వెనక జతకి గోడల వెంబడి తిరిగి వస్తే 45 అడుగులు దాటుతోంది.

వంశధార_వైరింగ్ | ఆదివారం మధ్యాహ్నం 12:05

8 ఓమ్‌ల స్పీకరు కదా, 45 అడుగులకి 16 గేజ్ అయినా నడుస్తది, కానీ గోడలో వేసేది మళ్లీ తియ్యలేం, 14 గేజ్ వెయ్యి, గేజ్ అంకె తగ్గితే వైరు లావు. స్పీకర్ వైరు అని అమ్మేవాటిలో కొన్ని పైన రాగి పూత, లోపల అల్యూమినియం. కొనేముందు ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకు, లోపల తెల్లగా కనిపిస్తే వద్దను. దొరక్కపోతే మామూలు కరెంటు వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, అది 14 గేజ్ కన్నా కొంచెం లావే, రాగి మంచిదైతే స్పీకరుకి తేడా తెలీదు. రెండు రంగులు వేరుగా తీసుకో, ప్లస్‌కి ఒకటే రంగు ఇల్లంతా.

పైపు వేరే ఉండాలి, ఫ్యాను లైట్ల వైర్ల పైపులో దూర్చకు. పక్కపక్కన వెళ్తే అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. పైపులో ఎందుకు అంటే ఒకటి రేపు మార్చుకోవడానికి, రెండోది ఎలకలు. సీలింగ్ పైన ఖాళీ అంటే వాటికి రహదారి, ఉత్తి వైరు వదిలీసిన ఇంట్లో ఆర్నెల్లకి కొరికీసిన కేసులు నేనే చూసాను. పైపు చివర స్పీకరు దగ్గర మూడడుగులు వైరు ఎక్కువ వదులు, రేపు స్పీకరు కిందకి దించి పని చెయ్యాలంటే పనికొస్తది. చివర్లకి టేపు చుట్టి ముందు ఎడమ, ముందు కుడి అని రాసీ.

బోర్డు మూసేముందు ప్రతి స్పీకరు చోటా టేపు పెట్టి రెండు గోడల నుంచీ కొలత కనపడేలాగ ఫోటో తియ్యి. ఇది మాత్రం మర్చిపోకు.

వంశధార_వైరింగ్ | ఆదివారం మధ్యాహ్నం 12:31

ఇంకోటి. రేపు సీలింగుకి ఇనప ఛానెళ్లు కట్టేటప్పుడు నువ్వు అక్కడే ఉండు. కింద బోర్డు బిగించే ఛానెళ్లు 18 అంగుళాలకి ఒకటి వస్తాయి. నీ స్పీకరు చోటికి సరిగ్గా ఛానెల్ వస్తే తర్వాత కుర్రాళ్లు దాన్ని కట్ చేసీస్తారు, ఆ చోట సీలింగు బలం పోద్ది. ముందే చెప్తే ఛానెల్‌ని నాలుగంగుళాలు జరుపుతారు, వాళ్లకి కష్టమేం లేదు. స్పీకరు చుట్టూ నాలుగు వైపులా చిన్న ఛానెల్ ముక్కలు చట్రంలాగ కట్టించు. జిప్సం బోర్డు 12.5 మిల్లీమీటర్లే, స్పీకరు బరువు మొత్తం దాని మీద వదలకూడదు. స్పీకరుకి ఒక సన్న ఇనప తీగ కట్టి స్లాబుకి కొట్టిన ఫాస్టనరుకి తగిలించు, ఎప్పుడైనా బిగింపు వదిలినా నెత్తిన పడదు.

లోతు కూడా చూసుకో. అరడుగు దించితే లోపల 5 అంగుళాల చిల్లరే మిగుల్తాది, నీ స్పీకరు లోతు ఎంతో పెట్టెలో కాగితం మీద ఉంటది.

కంటోన్మెంట్_కుర్రాడు | సోమవారం రాత్రి 8:50

స్పీకరు లోతు 4 అంగుళాలకి కొంచెం పైన ఉంది, సరిపోయింది. మేస్త్రి పొద్దున్న ఒప్పుకోలేదు. వెనక రెండు గోడకి దగ్గర, ముందు రెండు మధ్యకి, డిజైను పోతాది సార్, ఫోటో తీస్తే వంకరగా కనిపిస్తది అన్నాడు. నేను వాదించకుండా దారాలు మళ్లీ కట్టి ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టాను. నాలుగు దారాలూ ఆయన చెవుల దగ్గరికి వచ్చి కలిసాయి. కాసేపు పైకీ కిందకీ చూసి, అయితే ఇది మనిషి కోసం అన్నమాట, అని లేచి టేపు తీసుకున్నాడు. కోవ్ లైటు గీత కూడా స్పీకర్లకి తగ్గట్టు ఆయనే లోపలికి జరిపాడు. ముందు జత చోట ఛానెల్ వచ్చింది, ఛానెలే జరిపారు. ఫోటోలు ముప్పై తీసాను.

పలాస_జీడితోట | సోమవారం రాత్రి 9:30

మంచి మేస్త్రి దొరికాడు. పుట్టీ అయ్యేదాకా స్పీకరు బిగించనివ్వకు. పుట్టీ గీకినప్పుడు వచ్చే పొడి కోను లోపలికి దిగితే తర్వాత గరగరమంటది. కన్నాలు కోసి వదిలీ, రంగు ఆఖరి కోటు ఆరాక స్పీకరు. జల్లెడ మూతలకి కూడా రంగు వెయ్యాలని పెయింటరు రోలరు పెడతాడు, కన్నాలు మూసుకుపోతాయి, స్ప్రే అయితే పల్చగా కొట్టించు.

వంశధార_వైరింగ్ | సోమవారం రాత్రి 10:02

కొయ్యడానికి ముందు ఇది చెయ్యి. పెట్టెలో వచ్చిన అట్ట పెట్టి గుండ్రం గియ్యి, మధ్యలో చిన్న కన్నం చేసి, ఎల్ అక్షరంలాగ వొంచిన తీగ లోపలికి దూర్చి చుట్టూ తిప్పు. దేనికీ తగలకుండా తిరిగితే కొయ్యొచ్చు. బిగించేటప్పుడు స్పీకరు పక్కల ఉండే బిగింపు చెవులు బోర్డుని పట్టుకోగానే ఆపీ, డ్రిల్లు మెషిన్ పెట్టి ఇంకా బిగిస్తే జిప్సం నలిగిపోద్ది. సన్న స్వరాలు పలికే ట్వీటరు తిరిగే రకం అయితే వేలితో మెల్లగా సోఫా వైపు తిప్పు.

కంటోన్మెంట్_కుర్రాడు | ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:15

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, గృహప్రవేశం హడావుడి. స్పీకర్లు బిగించాం. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్యానూ ఏసీ ఆపి, రిసీవరుతో వచ్చిన మైకు సోఫాలో చెవి ఎత్తుకి నిలబెట్టి సర్దుబాటు చేసాను. పై స్పీకర్లకి 80 నుంచి 100 హెర్ట్జ్ కింద బేస్ మొత్తం సబ్‌కి పంపించాను.

కానీ ఒక తేడా ఉంది. వెనక జత పల్చగా ఉంది, ముందు జతలాగ నిండుగా లేదు. వర్షం సీన్లో వెనక వర్షం ఎక్కడుందో తెలీడం లేదు, చెవుల్లో ఏదో ఒత్తినట్టు ఉంది. స్పీకరు పాడయిందంటారా? బిగించిన కుర్రాళ్లు మళ్లీ రావాలంటే వారం అంటున్నారు.

నాగావళి_బాస్ | ఆదివారం రాత్రి 10:29

పాడవలేదు. ఒక స్పీకరుకి ప్లస్ మైనస్ తిరగబడింది. ఒక కోను బయటికి వచ్చినప్పుడు ఇంకోటి లోపలికి వెళ్తోంది, రెండూ ఒకదాన్నొకటి మింగీస్తున్నాయి. రిసీవరు ఆపి, వైర్లు దాని వెనకనుంచి ఊడదీసి, రిమోట్లో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకో. ప్లస్ వైరు బ్యాటరీ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి ఒక్క క్షణం తాకించు, పట్టుకుని ఉండకు. టప్‌మని చిన్న చప్పుడు వస్తది. పైన ఎవరైనా జల్లెడ తీసి కోను చూడాలి, బయటికి ఉబికితే సరి, లోపలికి పోతే ఆ స్పీకరు దగ్గర వైర్లు తారుమారయ్యాయి.

కంటోన్మెంట్_కుర్రాడు | సోమవారం ఉదయం 7:40

దొరికింది బాస్ అన్నా. తమ్ముడు నిచ్చెన మీద ఫోన్ లైటు వేసుకుని చూసాడు, నేను కింద బ్యాటరీ తాకించాను. మూడు బయటికి వచ్చాయి, వెనక ఎడమది లోపలికి పోయింది. విప్పి చూస్తే ఎర్ర వైరు నల్ల చోట ఉంది. మార్చాక మళ్లీ మైకు పెట్టి కొలిచాను. రాత్రి చూసిన సీనే మళ్లీ పెట్టాను, వర్షం సోఫా మీదనుంచి పూజగది దాకా పరుచుకున్నట్టు వచ్చింది. నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయట చూసొచ్చారు.

టీవీ యాప్‌ల నుంచి అట్మాస్ మామూలు ఏఆర్‌సీ తీగతోనే, అంటే టీవీ సౌండ్‌ని రిసీవరుకి పంపే హెచ్‌డీఎంఐతోనే వస్తోంది. ఇంకా బాగా కావాలంటే డిస్కులు పెట్టినప్పుడు దానికన్నా ఎక్కువ మోసే ఈఏఆర్‌సీ కావాలంట కదా?

వంశధార_వైరింగ్ | సోమవారం ఉదయం 8:15

యాప్‌లు ఇచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన సౌండ్‌లో ఉండే అట్మాస్, దానికి ఏఆర్‌సీ చాలు, టీవీ దాన్ని పంపేదయితే. డిస్కులో ఉండే ట్రూహెచ్‌డీకి, అంటే ఏమీ పోకుండా ఉండే సౌండ్‌కి, టీవీ మీదుగా అయితే ఈఏఆర్‌సీ కావాలి, ప్లేయరుని నేరుగా రిసీవరుకి పెట్టీసావనుకో ఆ గొడవే లేదు.

ఒక్క పని మిగిలుంది. సబ్ పెంచి 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా వెళ్లే టోను పెట్టి హాలంతా నడు. ఎక్కడో ఒకచోట జర్రుమంటాది, లైటు అంచో ఏసీ జల్లెడో. చేత్తో నొక్కితే ఆగినచోట చిన్న ఫోము ముక్క.

రాజాం_వీణ | సోమవారం సాయంత్రం 6:20

బాబూ, చాలా సంతోషం. నీ దారాల పద్ధతి మా ఇంట్లో చేసి చూసాను. మాది పాత ఇల్లు, ఫాల్స్ సీలింగ్ లేదు, పైన ఎవరో అద్దెకుంటారు, కప్పు 11 అడుగులు. స్లాబు కొయ్యలేం కదా, ఏం చెయ్యమంటారు?

వంశధార_వైరింగ్ | సోమవారం సాయంత్రం 7:02

స్లాబు ముట్టుకోకండమ్మా. కప్పుకి బిగించే చిన్న పెట్టె స్పీకర్లు ఉంటాయి, బ్రాకెట్టుతో మీ వైపు వంచుకోవచ్చు, వెనక పెట్టె మూసి ఉంటది కాబట్టి పై వాళ్లకి మోత కూడా సీలింగు రకం కన్నా తక్కువే. వైరు గోడ మూల వెంబడి పట్టీలో లాగొచ్చు. 11 అడుగులు అంటే చెవి నుంచి 7.5 అడుగుల ఎత్తు, కాబట్టి ముందుకి 7.5, వెనక్కి 7.5 మీ నడిమధ్య కొలత. మీరు కూర్చునే కుర్చీ ఏ గోడ నుంచి ఎంత దూరమో, ఫ్యాను ఎక్కడుందో రాయండి, మిగతాది లెక్క కడదాం.